ఏమీ తెలియనావిడ

సోనున్ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. అది జారి కింద పడింది. మళ్ళీ తగిలించింది, మళ్ళీ పడింది. ఆ కొక్కేన్ని ఎవరో ముచ్చటపడి నున్నటి గుండులా చేయించారు. చూడ్డానికి గోడకు మొలిచిన పుట్టగొడుగులా ఉంటుంది, పనికి మాత్రం రాదు.

“జనానికి సులువు చేసిపెట్టే మొనగాళ్ళు,” అని గొణుక్కుని కోటును కుర్చీ మీద పడేసింది.

మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. పొట్టి మనిషి, మెడ మీద రెండు మడతలు, తలకు పువ్వుల రుమాలు, నవ్వితే పక్కన ఒక బంగారు పన్ను. చలికి పగిలిన చేతులకు గొర్రె కొవ్వు రాసుకుంటుంది. ఆ వాసన ఆమెకంటే ముందు గదిలోకి వస్తుంది. కిటికీ అవతల బిష్కెక్ నగరమంతా బొగ్గు పొగలో మూలుగుతోంది. కింద కొట్లో మాంసం కూరిన సమ్సాలు పొయ్యిలోంచి తీస్తున్నారు.

ఆ కొట్టు పైనున్న ఈ ఆఫీసులో కుర్రాళ్ళు ఫోన్లలో వాడే యాప్‌లకు రూపం గీస్తారు. ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి, ఎవరూ చెప్పకుండానే మనిషి వేలు దాని మీదికి ఎలా వెళ్ళాలి అన్నదే వాళ్ళ చదువు. గీసిందాన్ని ఊరి మీదికి వదిలే ముందు ఏమీ తెలియని మనిషి చేత నొక్కించి చూస్తారు. ఆ ఏమీ తెలియని మనిషి ఉద్యోగం సోనున్‌ది.

అంతకుముందు వయసంతా సంగీతశాలలో వచ్చినవాళ్ళ కోట్లు దాచే గది దగ్గర గడిచింది. జనం కోటు ఇస్తారు, ఆమె బిళ్ళ ఇస్తుంది. జనం బిళ్ళ ఇస్తారు, ఆమె కోటు ఇస్తుంది. పైన పాట ఎంత గొప్పగా సాగినా ఆమెకు గోడ అవతలి గుడగుడలాగే వినపడేది. అన్నేళ్ళలో ఆమె మొహం చూసినవాడు లేడు. చెయ్యి చూశారు, అంతే. పెళ్ళాడతానని వెంటపడ్డ ట్రాలీబస్సు డ్రైవరు కూడా చివరికి ఆమె చెల్లెల్ని చేసుకున్నాడు.

ఒకనాడు బ్యాంకులో మిషన్‌ను అరచేత్తో బాదుతూ దాని ఏడు తరాల్నీ తిడుతుంటే, వెనక వరసలో నిలబడ్డ బెక్తూర్‌కు నిధి దొరికినట్టయింది. ఈ ఆఫీసుకు పెద్ద అతనే. వచ్చిపోయేవాళ్ళకు ఆమెను చూపించి, ఆమె ముందే, “మా పెద్దమ్మకి అర్థమైందంటే గొర్రెలకి కూడా అర్థమైనట్టే,” అంటాడు. సోనున్ బంగారు పన్ను చూపిస్తుంది.

మొదట్లో నిజంగానే ఏమీ తెలిసేది కాదు. కానీ మనిషన్నాక ఎంతకాలమని తెలియకుండా ఉంటుంది? మూడు గీతలుంటే వాటి వెనక అరలున్నాయని, మూలనున్న ఇంటూ గుర్తు తలుపు మూయడానికని, వాళ్ళు అమ్మదలుచుకున్నది పెద్దగా, జనం అడిగేది చిన్నగా పెడతారని తెలిసిపోయింది. ఆమెలాగే వచ్చే లుద్మీలా అనే ముసలి టైపిస్టు ఒకరోజు అన్నీ టకటకా నొక్కేసింది. మెచ్చుకుంటారనుకుంది పాపం. బెక్తూర్ మొహం మాడ్చుకుని, “ఈవిడ చెడిపోయింది,” అన్నాడు. లుద్మీలా మళ్ళీ కనపడలేదు.

ఆ రోజునుంచి సోనున్‌కు మళ్ళీ ఏమీ తెలియకుండా పోయింది.

ఇక్కడ ఆమె ముక్కు గోక్కున్నా చూసేవాళ్ళున్నారు. నిట్టూరిస్తే, ఎందుకు నిట్టూర్చిందని గది అవతల వాదించుకుంటారు. దాన్ని వదులుకోవడం ఆమెకిష్టం లేదు. తన నటన నమ్మి, బాగున్నవాటిని కూడా చెరిపి మళ్ళీ గీసేవాళ్ళంటే మాత్రం ఆమెకు చెప్పలేనంత చులకన.

ఐదాయ్ నిమ్మచెక్క వేసిన టీ తెచ్చిచ్చింది. బొమ్మలు గీసే పిల్లల్లో అందరికంటే చిన్నది.

“పెద్దమ్మా, మొహం అలా పాలిపోయిందేం?”

“నిన్న బొగ్గు మోశాను. భుజం పట్టేసింది.”

“పోనీ ఇవాళ మానేద్దామా?”

“నేను మానేస్తే మీ పెద్దాయన ఎవర్ని చూపించి గొప్పలు పోతాడే? పద.”

“ఇవాళ్టిది చిన్నదే. ఇచ్చిన ఆర్డరు రద్దు చెయ్యాలి, అంతే.”

“రద్దంటే?” అంది సోనున్ కళ్ళు పెద్దవి చేసి.

ఐదాయ్ ఓపిగ్గా చెప్పింది. ‘ఇది కూడా నమ్మింది,’ అనుకుంది సోనున్.

లోపలి గదిలో బల్ల, బల్ల మీద నిలబెట్టిన ఫోను, చేతులకేసి చూసే చిన్న కెమెరా ఉన్నాయి. ఆమె వీపు వెనక నల్లద్దం, దాని అవతల నుంచి చూసే కుర్రాళ్ళు. ఒకసారి మొదలుపెట్టాక ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, సాయం చెయ్యకూడదు. “యాప్‌తోపాటు మనం జనం ఇళ్ళకి వెళ్ళం కదా,” అనేది బెక్తూర్ మాట.

తెర మీద పసిపిల్లల దుప్పటి బొమ్మ. దాని కింద, అడుగున, బూడిదరంగులో చీమల బారులా ‘రద్దు’. కూర్చోగానే సోనున్‌కు కనపడింది. అయినా ముందు దుప్పటిని నొక్కింది, వెనక్కి వచ్చింది, మూడు గీతల్లోకి వెళ్ళి తప్పిపోయినట్టు నాలుక చప్పరించింది.

“ఎక్కడ దాచార్రా నాయనా,” అంది, అద్దం అవతలికి వినపడేలా.

ఇక చాలనుకుని వేలెత్తింది. భుజంలోని బరువు మోచేతిలోకి, అక్కణ్ణుంచి వేళ్ళలోకి దిగింది. చెయ్యి బల్ల మీద పెట్టి ఒక్క క్షణం ఆగుదామనుకుంది. తల ముందుకు వాలింది, తెరలో దేన్నో దగ్గరగా చూస్తున్నట్టు.

అద్దం అవతల బెక్తూర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“చూశావా, వెతుకుతోంది.”

“చెయ్యి కదలట్లేదు,” అంది ఐదాయ్.

“ఆలోచిస్తోంది. ఈవిడ ఎప్పుడూ ఇంతే. ఆ బూడిదరంగు వద్దని నేను మొన్నే చెప్పాను.”

“యాప్ చేయించుకునేవాళ్ళేగా అది కనపడకూడదన్నారు.”

“కనపడకూడదంటే మరీ ఇంతగానా?”

రంగు గురించి ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. ఇంతలో ఫోను తెర దానంతటదే ఆరిపోయింది.

“తాకితే వెలుగుతుందని కూడా తెలీదు,” అన్నాడు బెక్తూర్ నవ్వుతూ.

ఐదాయ్ నవ్వలేదు. అతను వద్దంటున్నా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. “పెద్దమ్మా,” అని భుజం మీద చెయ్యి వేసింది. చాలాసేపటిదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

అంబులెన్సులో వచ్చిన డాక్టరు, ప్రాణం పోయి కాసేపైందన్నాడు. సాయంత్రానికి చెల్లెలూ మరిదీ వచ్చి శవాన్ని తీసుకెళ్ళారు. బెక్తూర్ నిజంగానే బాధపడ్డాడు. “పాపం, చివరిదాకా ఆ బటన్ కనపడనే లేదు ఆవిడకి,” అన్నాడు. మర్నాడు దాన్ని ఎర్రగా, పెద్దగా చేయించాడు. యాప్ చేయించుకుంటున్నవాళ్ళు ఒప్పుకోకపోతే, పైవారానికి మళ్ళీ బూడిదరంగే వేశారు.

గది ఊడ్వడానికి వచ్చినామె ఐదాయ్‌ని పిలిచి, ఇవి ఎవరివని అడిగింది. కిటికీ కింద, గదిని వెచ్చబెట్టే వేడి గొట్టం మీద రెండు బూటు అట్టలున్నాయి, మందపాటి ఉన్ని గుడ్డను కత్తిరించి చేత్తో కుట్టినవి. మంచుకు తడిస్తే పెద్దమ్మే బూట్లలోంచి తీసి ఆరబెట్టినట్టుంది. ఎండి బిరుసెక్కాయి, అంచులు పైకి లేచాయి, మడమల దగ్గర వెలుతురు కనపడేంత పల్చబడ్డాయి. బొటనవేళ్ళ చోట లోతుగా గుంటలు పడి, ఏది కుడికాలిదో ఏది ఎడమకాలిదో ఎవరూ చెప్పక్కర్లేకుండా ఉన్నాయి.