చెయ్యి ఆనించకుండా

మెట్లెక్కేటప్పుడు భాగీరథి ముందుకు చూడదు, గోడకేసి చూస్తుంది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఎడమకాలు పై మెట్టు మీద పెట్టి, కుడికాలిని దాని పక్కకు లాక్కుంటుంది. ఎండ్రకాయ నడక. మలుపు దగ్గర ఆగి, ఎవరైనా వస్తున్నారేమోనని చెవి ఒగ్గి విని, మళ్లీ మొదలుపెడుతుంది. మొయినాబాదులో మోకాళ్ల దవాఖానను టైల్సు దుకాణం నెత్తిన, మొదటి అంతస్తులో పెట్టిన మహానుభావుడెవరో గానీ, లిఫ్టు మాత్రం పేషెంట్లకే అని కాగితం అంటించారు. పనివాళ్లకు మోకాళ్లుండవు కాబోలు.

అందుకే ఆమె అందరికంటే ముందు వస్తుంది. ఎంకపల్లిలో మొదటి ఆటో ఎక్కి, కింద దుకాణం షట్టరు లేవకముందే పైకి చేరిపోవాలి. ఆమె ఇలా మెట్లెక్కడం ఎవరూ చూడకూడదు. ఎందుకంటే ఆ మలుపులోనే నిలువెత్తు ఫ్లెక్సీ ఉంది, అందులో భాగీరథి నీలం చాప మీద బాసింపట్టు వేసుకుని నవ్వుతూ ఉంది. కింద ఎర్రక్షరాలు: ఆపరేషన్ లేదు, నొప్పి లేదు, మళ్లీ నేల మీద కూర్చోండి. ఆ నవ్వు చూస్తే ఆమెకు పాచినోటి వాసన కొట్టినట్టుంటుంది. మొహం తిప్పుకుని మిగతా మెట్లు ఎక్కుతుంది.

హాలు తుడవడంతో రోజు మొదలు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ మోకాలుంటుంది. వచ్చినవాళ్లంతా దాన్ని వంచుతారు, చాపుతారు, మధ్యలోని తెల్లటి మెత్తముక్కను వేలితో పొడిచి చూస్తారు. సాయంత్రానికి అది జిడ్డు పట్టి పచ్చబడుతుంది. భాగీరథి దాన్ని కొనవేళ్లతో పట్టుకుని తడిగుడ్డతో రుద్దుతుంది. లోపలి గదిలో ఇంకా అధ్వానం. మనిషి చేతిలోంచి రక్తం తీసి, గిర్రున తిరిగే మిషన్లో పెట్టి, పైకి తేలిన పసుప్పచ్చటి తేటను సూదితో మోకాల్లోకి ఎక్కిస్తారు. అడుగున మిగిలిన ఎర్రటి మడ్డిని, గొట్టాలతో సహా ఎత్తి సంచిలో వేసేది ఆమే. స్పిరిటు వాసన, పచ్చి రక్తం వాసన కలిసి ఆమె మధ్యాహ్నం తినే జొన్నరొట్టెకు కూడా అంటుకుంటాయి. తనకు రోత పుట్టిస్తున్నది ఆ వాసనేనని మొదట్లో అనుకునేది.

నర్సు జెన్నీ రాగానే ఒక నొప్పిబిళ్ల, గ్యాస్ బిళ్ల ఆమె అరచేతిలో పెడుతుంది.

"ఏమన్న తిని వేసుకో ఆంటీ. ఉత్త కడుపుల వద్దు."

రోజూ అదే మాట. జెన్నీ ఆమె కళ్లలోకి చూడకుండా చెబుతుంది, భాగీరథి కూడా చూడకుండానే మింగుతుంది.

అలాగని అంతా అబద్ధం కూడా కాదు. దవాఖాన తెరిచిన కొత్తలో, తుడిచే పనికి చేరిన భాగీరథి కుంటుకుంటూ తిరగడం చూసి డాక్టరు తొలి సూది ఆమెకే ఉచితంగా వేశాడు. ఆ ఎండాకాలమంతా నొప్పి తగ్గింది. సూదికే తగ్గిందో, చామంతి తోటల్లో వంగడం, క్యారెట్ చేలల్లో గొంతుకూర్చోవడం మానేసినందుకు తగ్గిందో దేవుడికే తెలియాలి. తగ్గిన మాట నిజం. ఆ సంబరంలోనే వీడియో తీశారు, ఫ్లెక్సీ కొట్టించారు. వానలు పడ్డాక నొప్పి తిరిగొచ్చింది, వట్టి చేతులతో కాదు, బంధువులను వెంటబెట్టుకుని వచ్చింది. భాగీరథి డాక్టరుకు చెప్పుకుంది. ఆయన మాట తేనె. ఇంకో డోసు వేద్దామని, అందాకా బిళ్ల వేసుకొమ్మని అన్నాడు. డోసు రాలేదు, బిళ్ల మాత్రం ఉండిపోయింది.

మానేసి వెళ్లొచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. ఎక్కడికి వెళ్తుంది? మొగుడు ఏనాడో పోయాడు. చేలకు పోవాలంటే మోకాళ్లు కావాలి. మోకాళ్లు బాగున్నాయని చూపించే ఈ పని తప్ప, ఆ మోకాళ్లతో చేయగలిగే పని ఆమెకు లోకంలో ఇంకొకటి లేదు.

పేషెంట్లు నలుగురూ చేరగానే కౌంటరు దగ్గరి పూజ నీలం చాప పరిచి, ఆంటీ, ఒకసారి చూపించండి అని పిలుస్తుంది. భాగీరథి వచ్చి కూర్చుంటుంది, బాసింపట్టు వేస్తుంది, కాసేపు నవ్వుతుంది, లేస్తుంది. లేచేటప్పుడు చెయ్యి నేలకు ఆనించకూడదు. అది డాక్టరు పెట్టిన షరతు. చెయ్యి ఆనిస్తే చూసేవాళ్లకు నమ్మకం పోతుందట. ఒళ్లంతా ముందుకు విసిరి, ఊపిరి బిగబట్టి, బుగ్గ లోపలి కండ పళ్ల మధ్య పెట్టుకుని లేస్తుంది. లోపల ఇసుక నూరిన చప్పుడు ఆమెకొక్కదానికే వినిపిస్తుంది. బయటికి నవ్వు. ఆ చాప చవకరకం స్పాంజిది, ఒత్తితే పడిన గుంట ఒక పట్టాన పూడదు. చీలమండల గుంటలు అసహ్యంగా కనిపిస్తున్నాయని పూజ రోజూ దాన్ని తిరగేసి పరుస్తుంది.

ఆ పొద్దున కూడా చూపించింది. గండిపేట వైపు విల్లాల నుంచి వచ్చినావిడ, వ్రతంలో పీట మీద కూర్చోలేకపోతున్నానని బాధపడుతూ, అనుమానం తీరక భాగీరథి చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి మోకాలు నొక్కి చూసింది. సంతలో పశువు పళ్లు చూసినట్టు చూసింది. భాగీరథి కాలు అలాగే ఉంచింది, కదపలేదు. తర్వాత బాత్రూములోకి వెళ్లి ఆవిడ ముట్టుకున్నచోట సబ్బుతో కడుక్కుంది. ఎంత కడిగినా తన మీద తనకున్న అసహ్యం అక్కడే ఉంది.

ఎండ ముదిరే వేళకు లిఫ్టులోంచి ముత్తమ్మ దిగింది.

ముడిమ్యాల ముత్తమ్మ. చామంతిని తొడిమ తెగకుండా ఎలా తెంపాలో భాగీరథికి నేర్పిన మనిషి. మొగుడు పోయిన ఏడు భాగీరథి చేనులో కూర్చుని ఏడుస్తుంటే, మేస్త్రీ కంట పడకుండా ఆమె సాలులోని పూలు కూడా తానే తెంపిపెట్టిన మనిషి. ఇప్పుడు కాళ్లు విల్లులా వంగిపోయి, కర్ర పట్టుకుని, పడవ ఊగినట్టు ఊగుతూ వచ్చింది. భాగీరథిని చూడగానే కర్ర గోడకానించి, రెండు చేతులతో ఆమె బుగ్గలు నిమిరి, కణతల దగ్గర మెటికలు విరిచింది.

"నా కొడుకు ఫోన్ల నిన్ను చూపిచ్చిండు చెల్లె. పిల్ల లెక్క కూసున్నవ్. గందుకే వచ్చిన."

భాగీరథి గోడకున్న కర్ర తీసి ఆమె చేతికిచ్చింది. కుర్చీ చూపించి, నీళ్లు తెచ్చిచ్చింది. ముత్తమ్మ నీళ్లు తాగుతూ తన సంగతంతా చెప్పింది. బయటికి పోవాలంటే నరకంగా ఉందనీ, కోడలు మొహం ముడుచుకుంటోందనీ, సూదుల ఖర్చు కోసం అమ్మజూపిన పాలబర్రెను కొనడానికి చేవెళ్ల నుంచి బేరగాళ్లు వచ్చి చూసి వెళ్లారనీ, తాను ఊ అంటే సాయంత్రం వచ్చి తోలుకుపోతారనీ చెప్పింది. ఆ బర్రె పాల మీదే ఆమె చేతిఖర్చు, కోడలి దగ్గర ఆమె మర్యాద, రెండూ నిలిచి ఉన్నాయి.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని చూసి, మూడు సూదులతో మళ్లీ నేల మీద కూర్చోబెడతానని తేనెమాట చెప్పాడు. ముత్తమ్మ మొహం వెలిగింది. జెన్నీ ఆ ఎక్స్‌రే లోపలికి తెచ్చినప్పుడు భాగీరథి గొట్టాలు సర్దుతోంది. అక్కకు సూది పనిచేస్తుందా అని అడిగింది.

"అరగడం షురూ అయినోల్లల్ల కొందరికి గుణం కనిపిస్తది ఆంటీ. ఈమెకు మెత్తముక్క మొత్తం అరిగిపోయి బొక్కకు బొక్క రాస్కుంటున్నది. ఏమేసి ఏం లాభం?"

"మరి సారుకు తెల్వదా?"

జెన్నీ కుళాయి విప్పి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

హాల్లో పూజ నీలం చాప పరుస్తోంది. ముత్తమ్మ తన కుర్చీని చాప దగ్గరికి జరిపించుకుని, కర్రను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిగతా పేషెంట్లు కూడా ఇటే తిరిగారు.

"నా కండ్లతోని చూస్త," అంది ముత్తమ్మ. "నువ్వు కూసోని లెవ్వు చెల్లె. నువ్వు లేస్తే నేను బర్రెకు ఊ అంట. నీ మీదనే నా నమ్మకం."

భాగీరథి కూర్చుంది. బాసింపట్టు వేసింది. నవ్వు దానంతటదే మొహం మీదికి వచ్చింది, అలవాటైన కుక్కలా. బిళ్ల ఇంకా పనిచేస్తూనే ఉంది. బుగ్గ కొరికి, ఊపిరి బిగబట్టి ఒళ్లు విసిరితే లేవగలదు, రోజూ లేస్తున్నదే. లేస్తే ఈ నీడ ఉంటుంది, నెలంతా తిండి ఉంటుంది. ముత్తమ్మ కొట్టంలో మాత్రం సాయంత్రానికి ఖాళీ గుంజ ఉంటుంది. ఎదురుగా ముత్తమ్మ నోరు కొద్దిగా తెరిచి, ఆశగా చూస్తోంది. ఆ చూపు ముందు తన నోట్లో ఉన్న నవ్వు కుళ్లిన పండులా అనిపించింది భాగీరథికి. దాన్ని ఇంకొక్క క్షణం ఉంచుకుంటే కక్కుకునేట్టే ఉంది.

కుడిచెయ్యి చాచి అరచేతిని చాప మీద ఆనించింది.

పూజ, "ఆంటీ" అంటూ ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయింది. భాగీరథి బరువంతా ఆ చేతి మీద మోపి, పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ల జంతువులా మోకాళ్ల మీద నిలిచి, ముందు నడుము పైకి లేపి, తొడను అరచేత్తో నెట్టుకుంటూ, అమ్మా అని మూలుగుతూ లేచింది. పొద్దు గూకేవేళ చేనులో ఆడవాళ్లు లేచేది అలాగే.  సూది కోసం ఇంకా కూర్చునే ఉన్న విల్లాల ఆవిడ తలుపు వైపు చూసింది.

"నేను గిట్లనే లేస్త అక్కా," అంది భాగీరథి. "రోజు బిళ్ల మింగి నొప్పి లేనట్టు ఇకమతు చేస్తున్న. నువ్వు సూది ఏపిచ్చుకోకు."

ముత్తమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ ముసలి పెదవులు గట్టిగా బిగుసుకున్నాయి. ఈగ పడిన పాలగ్లాసును చూసినట్టు చూసింది. కృతజ్ఞత లేదు, జాలి లేదు.

"గీ ముచ్చట గా ఫోన్ల వీడియోల చెప్పకపోతివి," అంది. కర్ర ఊతంగా లేచి, ఎవరితోనూ కాకుండా గొణుక్కుంది. "బర్రెనడిగినోల్లకు వద్దని చెప్పాలె, ఆలస్యం గాకముందే."

లిఫ్టు వచ్చింది. ముత్తమ్మ లోపలికి వెళ్లి, గోడకు ఆనుకుని నేలచూపులు చూస్తూ నిలబడింది. తలుపులు మూసుకునేదాకా తలెత్తలేదు. మేలు చేశానన్న తృప్తి కోసం భాగీరథి లోపల వెతుక్కుంది, దొరకలేదు. మెటికలు విరిచిన ఆ చేతులు ఇక తనను ముట్టుకోవని మాత్రం తెలిసింది.

డాక్టరు గదిలోంచి బయటికి రాలేదు. పూజ మాత్రం ఆ గదిలోకి వెళ్లొచ్చి, గొంతు తగ్గించి, సారు రేపటి నుంచి రావద్దంటున్నారని చెప్పింది. భాగీరథి రొట్టెగిన్నె సంచిలో పెట్టుకుంది. జెన్నీ గుమ్మం దాకా వచ్చి బిళ్లల అట్ట ఒకటి సంచిలో వేయబోతే వద్దంది. అందరూ చూస్తుండగానే కమ్మీ రెండు చేతులా పట్టుకుని, గోడకేసి తిరిగి, పక్కవాటంగా ఒక్కొక్క మెట్టే దిగింది. మలుపు దగ్గర ఫ్లెక్సీలో నవ్వుతున్న మనిషి పక్కనుంచే దిగింది. ఈసారి చెవి ఒగ్గి వినే అవసరం లేకపోయింది.

పైన హాల్లో కొత్తగా ఇద్దరు పేషెంట్లు వచ్చి కూర్చున్నారు. పూజ చాపను తిరగేయడం మరిచిపోయింది. కిటికీలోంచి పడే ఎండలో ఆ నీలం స్పాంజి మీద, చీలమండల గుంటల పక్కన, ఐదు వేళ్లతో సహా ఒక అరచేయి అచ్చు ఇంకా పూడకుండా ఉంది.