క్లైవ్ పేరు మీద వచ్చిన సర్టిఫికెట్

ఆదివారం మధ్యాహ్నం జనీన్ తన భర్త క్లైవ్ చొక్కాలు ఐదు ఇస్త్రీ చేసేలోపు అతని పాఠాలు మూడు పూర్తిచేసేది. ఇస్త్రీ బల్ల పక్కనే ల్యాప్‌టాప్. కుడిచేయి కాలర్ మీద, ఎడమచేయి మీట మీద. వార్డులో మంటలు లేస్తే మొదట ఏం చేయాలి? చేతులు ఎంతసేపు కడుక్కోవాలి? రోగి సంగతులు బయటివాళ్ళతో చెప్పవచ్చా? ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళంతా, పెద్ద డాక్టరు దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా, ఏటేటా ఈ పాఠాలు చదివి పరీక్ష పాసవ్వాల్సిందే. పాసైతే పేరు పక్కన పచ్చరంగు, గడువు దాటితే ఎరుపు.

క్లైవ్ ఆ రంగులు చూసే ఆఫీసులోనే అధికారి. చుట్టుపక్కల ఐదు ఆసుపత్రుల్లో ఎవరి పాఠాలు వాళ్ళవిగా ఉండేవి. అలా కాకుండా ఒకే పాఠం, ఒకే సర్టిఫికెట్ అన్నిచోట్లా చెల్లేలా చేసే పని అతనికి అప్పగించారు. రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి చదువు సంగతీ అతనే చూస్తున్నాడు. తన పాఠాలు చదువుకోవడానికి మాత్రం పాపం తీరిక లేదు.

"నీకివన్నీ కంఠతా వచ్చు కదా బంగారం, నువ్వైతే ఇరవై నిమిషాల్లో తేల్చేస్తావు," అన్నాడు మొదటిసారి. అది పద్నాలుగేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత అడగడం కూడా మానేశాడు. ఫ్రిజ్ తలుపు మీద, పాలు తెమ్మని రాసిన చీటీ పక్కన, పాస్‌వర్డు రాసిన చీటీ ఒకటి అతికించాడు. అంతే. ఏడాదికి పదకొండు పాఠాలు. పెళ్ళాం అన్నాక భోజనం వండదా, బట్టలు ఉతకదా, అందులో ఇదొకటి.

అసలు ఒకే పాఠం ఉండాలన్న మాట జనీన్‌దే. ఆమె ఇరవై నాలుగేళ్ళుగా వార్డులో సహాయకురాలు. రోగుల్ని లేపడం, పడుకోబెట్టడం, కుర్చీలోకి మార్చడం ఆమె పని. వారంలో మూడు రోజులు ఒక ఆసుపత్రి, రెండు రోజులు గుట్టకి అవతల ఇంకో ఆసుపత్రి. మనిషిని ఎలా లేపాలో ఇక్కడ చదివిన పాఠమే అక్కడా మళ్ళీ చదవమనేవాళ్ళు. ఓ సాయంత్రం బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, "గుట్టకి అవతలివాళ్ళకి నడుము ఇంకోచోట ఉంటుందా ఏం?" అంది విసుగ్గా. క్లైవ్ పగలబడి నవ్వాడు. నెల తిరక్కుండా ఆ మాటే అతని నివేదికలో మొదటి వాక్యం అయ్యింది. పై అధికారులు ఎంత చమత్కారం అని మెచ్చుకున్నారట. అతను ఇంటికొచ్చి చెబితే జనీన్ మొహం వెలిగిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఆమెకి ఆ వెలిగిన మొహం మీదే ఒళ్ళు మండుతుంది.

పొరపాటు ఫిబ్రవరిలో జరిగింది. ఆదివారం క్లైవ్ పాఠాలు అయ్యాక, మనుషుల్ని లేపడం గురించిన తన పాఠం తాను మొదలుపెట్టింది. ఓవెన్లో గొర్రె మాంసం మాడుతోంది. ముందు గదిలోంచి అత్తగారు ఎనిడ్, "అమ్మాయ్, నా దిండు జారిపోయింది, ఎంతసేపు పిలవాలి!" అని ఒకటే కేక. ఆ హడావుడిలో క్లైవ్ పేరులోంచి బయటికొచ్చి తన పేరుతో లోపలికి వెళ్ళాలన్న సంగతి మరిచిపోయింది. నలభై ప్రశ్నలకీ జవాబులు చెప్పింది. నలభైకి నలభై. తెర మీద ఎవరి పేరు కనిపించిందో చూడకుండానే మూత వేసి, ఎనిడ్‌ని మరుగుదొడ్డికి తీసుకెళ్ళడానికి పరిగెత్తింది.

వార్డు గోడ మీది జాబితాలో టిక్కులు పెట్టడం అప్పటి పద్ధతి. ఆమె చదివానంది, టిక్కు పడింది. జూలైలో ఐదు ఆసుపత్రుల జాబితాలూ కంప్యూటర్లో ఒక్కటయ్యాయి. సోమవారం పొద్దున వార్డు మేనేజరు మిసెస్ అడెయింకా ఆమెని గదిలోకి పిలిచింది.

"తలుపు వేసి కూర్చో, జనీన్. మనుషుల్ని లేపడం అన్నచోట నీ పేరు ఎర్రగా ఉంది. ఐదు నెలలుగా."

"నేను చదివానండీ. ఫిబ్రవరిలో."

"చదివినట్టు ఎక్కడా లేదు. గడువు దాటిన మనిషి ఐదు నెలలు రోగుల్ని లేపిందని పైకి రాయాలి నేను. ఇవాళ్టి నుంచి నువ్వు ఎవరినీ ముట్టుకోకూడదు. దుప్పట్ల గదిలో పని చూడు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ నేర్పే ఉద్యోగానికి అర్జీ పెట్టావు కదా. మూడేళ్ళు ఒక్క ఎరుపు కూడా ఉండకూడదు దానికి. శుక్రవారంతో గడువు. నాకూ బాధగానే ఉంది."

ఐదు ఆసుపత్రుల్లోనూ తిరిగి, మనుషుల్ని ఎలా లేపాలో కొత్తవాళ్ళకి నేర్పే ఉద్యోగం అది. ఎనిమిది మందిని తీసుకుంటారు. ఇన్నేళ్ళలో జనీన్ తనకోసం అడిగింది ఆ ఒక్కటే. యాభై మూడేళ్ళు వచ్చాయి. నడుము పట్టేస్తోంది. తన చేతులకి తెలిసింది నలుగురికీ చెప్పి, ఆ తర్వాత ఇంటి దగ్గర కూర్చోవాలని ఆమె ఆశ. దుప్పట్లు మడతపెడుతుండగా ఆ ఆదివారం గుర్తొచ్చింది, ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది. ఓసి పిచ్చిదానా అని తన్ను తానే తిట్టుకుంది.

సాయంత్రం క్లైవ్ టోస్టు మీద బీన్స్ వేసుకుని తింటున్నాడు. ఆమె జరిగింది చెప్పింది.

"ఓహో, అదా!" అన్నాడు. "మార్చిలోనే చూశాను. మనుషుల్ని లేపడంలో నేను నూటికి నూరు! ఆఫీసులో ఒకటే నవ్వులు."

"నీకు తెలుసా?"

"ఏదో కంప్యూటర్ తిక్క అనుకున్నా. నీదని నాకేం తెలుసు?"

"నీ పాఠాలు ఎవరు చదువుతారో తెలుసు కదా క్లైవ్. ఆ పాఠం నువ్వు చదవలేదని ఒక్క మాట చెప్పు. నా పేరు పచ్చగా మారుతుంది."

అతను ఫోర్కు కింద పెట్టాడు. "గురువారం ఐదుగురు డైరెక్టర్ల ముందు నిలబడాలి నేను. అందరికీ ఒకే నియమం అని చెప్పడానికి. నా పరీక్షలు నా పెళ్ళాం రాసిందని చెప్పుకుని నిలబడమంటావా? ఒక్క ఏడాది ఆగు. ఉద్యోగం ఎక్కడికి పారిపోతుంది?"

"శుక్రవారం పారిపోతుంది."

"అయినా ఈ వయసులో నీకెందుకు ఈ తిరుగుడు? నువ్వు ఐదు ఆసుపత్రులూ పట్టుకు తిరిగితే అమ్మని ఎవరు చూస్తారు?"

"ఏమిటా పేచీ?" అని ముందు గదిలోంచి ఎనిడ్. "వాడికి గురువారం పెద్ద రోజు. వాడిని విసిగించకు అమ్మాయ్."

జనీన్ పళ్ళేలు కడిగింది. కడుగుతూ, ఎంత చదువు చదివాను నేను, అనుకుంది. పద్నాలుగేళ్ళు ఏడాదికి పదకొండు చొప్పున ఆయనవి, నావి వేరే. ఆసుపత్రిలో ఒక మనిషిని లేపాలంటే ఇద్దరుండాలి, మంచం ఎత్తు పెంచాలి, చంకల కింద చేతులు పెట్టకూడదు, నడుము వంచకూడదు. ఇంట్లో ఎనిడ్‌ని లేపడానికి నేనొక్కదాన్ని. ఆరేళ్ళుగా రోజుకి నాలుగుసార్లు. దానికి పచ్చరంగూ లేదు, ఎరుపూ లేదు. ఈయన టీకప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి "జాగ్రత్త, అమ్మకి నొప్పి పుడుతుంది" అంటాడు. నా నడుముకి పుడుతుందేమోనని ఒక్కరోజు అడిగాడా? నేను దుప్పట్ల గదిలో కూర్చుంటే ఆయనకి బెంగ లేదు. పైకి ఎదిగి నేను ఇల్లు దాటితేనే బెంగ. ఈ సంగతి అర్థం కావడానికి నాకు పెళ్ళయ్యాక ఇరవై ఆరేళ్ళు పట్టింది. సిగ్గు లేకపోతే సరి.

మంగళవారం ఆమె తిన్నగా మిసెస్ అడెయింకా గదికి వెళ్ళి, పద్నాలుగేళ్ళ భాగోతమూ చెప్పేసింది.

"ఇంకొకరి పరీక్ష రాయడం నీ తప్పు కూడా అవుతుంది, తెలుసా?"

"తెలుసు. దానికేం శిక్ష వేస్తే అది పడతాను. చదివింది చదవలేదంటే మాత్రం పడను."

"నీ మాట ఒక్కటే చాలదు జనీన్. రికార్డులో ఆయన పేరుంది. లేపడం మీ ఆయనకి రాదని, ఆ పని నీదని, తెలిసినవాళ్ళు ఇంకొకరు రాసి సంతకం పెట్టాలి. రేపు సాయంత్రంలోగా తీసుకురా. నేను పైవాళ్ళతో మాట్లాడతాను."

ఎవరు రాస్తారు? ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు.

బుధవారం పొద్దున ఏడింటికి జనీన్ కోటు తొడుక్కుని నడవలో నిలబడింది. ముందు గదిలోంచి ఎనిడ్ పిలిచింది. జనీన్ కదల్లేదు.

"క్లైవ్, మీ అమ్మ పిలుస్తోంది."

అతను గడ్డం నురుగుతో బయటికొచ్చాడు. "నువ్వు లేపు, నాకు ఆలస్యమవుతోంది."

"నేను లేపకూడదు. నా పేరు ఎర్రగా ఉంది. ఈ ఇంట్లో మనుషుల్ని లేపే అర్హత నీకొక్కడికే ఉంది. అందరికీ ఒకే నియమం కదా?"

"పొద్దున్నే ఏమిటీ పిచ్చివేషాలు!"

ఎనిడ్ మళ్ళీ కేకేసింది. క్లైవ్ గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి, తల్లి చంకల కింద రెండు చేతులూ దూర్చి గుంజాడు.

"ఓరి దేవుడా, చంపేస్తున్నాడు! వదలరా, వదులు! వీడికేం చేతనవును, పడేస్తాడు నన్ను! అమ్మాయ్!"

జనీన్ లోపలికి పరిగెత్తింది. ముసలామెని బాధపెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. క్లైవ్ చేతులు విడిపించి, మోకాళ్ళు వంచి, ఎనిడ్ వీపు చుట్టూ చేయి వేసి మంచం అంచున కూర్చోబెట్టింది. దిండు సర్దింది. ఆ తర్వాత కోటు జేబులోంచి తెల్లకాగితం, పెన్ను తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఇప్పుడు మీరన్న మాట దీని మీద రాసివ్వండి ఎనిడ్. నాకు సాక్ష్యం కావాలి." ఎందుకో రెండు ముక్కల్లో చెప్పింది.

ఎనిడ్ ఇంకా రొప్పుతోంది. "నా కొడుకు మీద రాసివ్వమంటావా నన్ను?"

"మీ కొడుకు మీద కాదు. నా గురించి. రోజూ మిమ్మల్ని లేపేది ఎవరో, అదొక్కటీ రాయండి చాలు."

ముసలామె కాగితం వైపు చూసింది. గుమ్మంలో నురుగు మొహంతో నిలబడ్డ కొడుకు వైపు చూసింది. కళ్ళజోడు ఇమ్మని చేయి చాపింది.

"అమ్మా!" అన్నాడు క్లైవ్.

"నువ్వుండరా," అంది ఎనిడ్. "నీకు లేపడం రాదు."