సికుజువా వాళ్ళమ్మ

రెండో బుట్ట కూడా వలమీద బోర్లించి, ఫైదా మోకాళ్ళమీద కూర్చుని నెత్తళ్ళ చేపలను అరచేత్తో పలచగా పరవసాగింది. ఒకదానిమీద ఒకటి పడకూడదు. పడితే మధ్యాహ్నానికి అడుగువి మెత్తబడి వాసన కొడతాయి. సరస్సు అవతలి కొండల మీదుగా పొద్దు అప్పుడే పైకి వస్తోంది. వేట ముగించుకున్న పడవలు ఒడ్డున బారుగా ఆగి ఉన్నాయి. ఇన్నేళ్ళ పనిలో ఆమె చేతులకు కళ్ళతో అవసరం లేకుండా పోయింది. అరచేతి గీతల్లో ఇరుక్కున్న వెండి పొలుసులు ఎంత తోమినా పోవు. నడుము మాత్రం ఈమధ్య ఒక పట్టాన లేవనివ్వడం లేదు.

వల చివర, పొడుగాటి రెల్లుపుల్ల పట్టుకుని ఆరేళ్ళ పిల్ల నిలబడి ఉంది. పక్షులను తోలడం దాని పని. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకుంది.

"ఏం సికుజువా వాళ్ళమ్మా, ఇవాళ చేప మరీ సన్నంగా పడిందే" అంది పక్క వలమీద చేపలు పరుస్తున్న విలోంజా వాళ్ళమ్మ.

"సన్నదైతే తొందరగా ఎండుతుందిలే" అంది ఫైదా తలెత్తకుండా. ఆ పిలుపు విన్నప్పుడల్లా ముఖం దాచుకోవడం అలవాటైంది.

ఆ ఒడ్డున బిడ్డను కన్న ఆడదాన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. మొదటి బిడ్డ పుట్టిననాడే సొంత పేరు పోయి, ఫలానా వాళ్ళమ్మ అయిపోతుంది. ఫైదాకు యాభై రెండేళ్ళు వచ్చినా, ఈ పిల్ల వచ్చేదాకా పేరు పోలేదు. "పేరు చూస్తే ఫైదా. నీవల్ల మావాడికేం ఫాయిదా?" అని అత్త బతికున్నన్నాళ్ళూ దెప్పింది. మొగుడు ఒక వానాకాలం వలలు కొంటానని అవతలి ఒడ్డుకు వెళ్ళి తిరిగి రాలేదు. రెండేళ్ళపాటు ఆమె పొద్దున్నే వచ్చి, అటునుంచి వచ్చిన ప్రతి పడవ దగ్గరా నిలబడి అడిగింది. "చూళ్ళేదమ్మా" అనేవారు. మూడో ఏట ఒక ముసలి సరంగు, "వాడికక్కడ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. మాకందరికీ ఎప్పుడో తెలుసు. నీకెందుకులే బాధ అని చెప్పలేదు" అన్నాడు. మొగుడు పోయినందుకంటే ఆ మాటకే ఆమె ఎక్కువ ఏడ్చింది.

కొండలమీద కాల్పులు మొదలయ్యాక, అయినవాళ్ళ చెయ్యి తప్పిన పిల్లలు రోడ్డు వెంట పేటలోకి దిగసాగారు. పేటలోని ఆడవాళ్ళూ బడిపంతుళ్ళూ కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు. ఆచూకీ దొరికేదాకా ఆ పిల్లలను తలా ఒక ఇంట్లో ఉంచేవారు. ఫైదా ఇంట్లో అలా ఏడుగురు ఉండి వెళ్ళారు. ఒకరు వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఇల్లు ఊడ్చుకుని పనికి వచ్చేసేది. ఈ పిల్ల మాత్రం పేరడిగినా ఊరడిగినా నోరు విప్పలేదు. దాంతో కమిటీవాళ్ళే పుస్తకంలో సికుజువా అని రాసుకున్నారు. 'నాకు తెలియలేదు' అని దానర్థం. ఆ వైపు ఆడపిల్లలకు ఉన్న పేరే.

మూడు వారాల కిందట స్నానం చేయిస్తుంటే, ఆ పిల్ల సబ్బు నురగ చేతిలోకి తీసుకుని ఉన్నట్టుండి మాట్లాడింది.

"అబ్వే అమ్మమ్మ మౌవాకి సబ్బు పెట్టదు. బూడిదతో రుద్దుద్ది."

ఫైదా చెయ్యి ఆగిపోయింది. "మౌవా ఎవరే?"

"నేనే."

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. లుసేంగా అనే ఊరు, చెవి తెగిన మేక, అమ్మమ్మ చెయ్యి వదిలేసిన వాగు. అన్నీ ఫైదాకే చెప్పింది. ఆ గురువారం కమిటీ తరఫున లుబుంగా మాస్టారు వచ్చి, "ఏమన్నా చెప్పిందా?" అని అడిగితే, ఫైదా "లేదు" అంది. అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో ఆమెకే అర్థం కాలేదు. మరుసటి గురువారం కూడా లేదనే అంది.

ఇవాళ మళ్ళీ గురువారం.

"అమ్మా, గద్ద!"

ఫైదా ఉలిక్కిపడి తలెత్తింది. పిల్ల రెల్లుపుల్ల ఊపుతూ ఆమెవైపే చూస్తోంది. అందరిలో నోరు తెరవడం అదే మొదలు. గద్ద ఒక చేపను తన్నుకుపోయింది.

"విన్నావా, అమ్మంట. ఇంక నీ పేరు పోయినట్టే" అని నవ్వింది విలోంజా వాళ్ళమ్మ.

ఫైదా నవ్వబోయింది. తడిచేత్తో కళ్ళు తుడుచుకుంటే పొలుసులు గుచ్చుకుని మండాయి.

ఎండ ముదిరాక మాస్టారు వచ్చాడు. ప్యాంటు మడమల పైకి మడుచుకుని, పిల్లల ఫోటోల సంచి చంకన పెట్టుకుని, బోర్లించిన పడవమీద కూలబడ్డాడు. నీళ్ళిస్తే గటగటా తాగాడు.

"దక్షిణం రోడ్డు శిబిరానికి వెళ్ళొచ్చానమ్మా. అక్కడో ముసలామె ఉంది, రెండు కళ్ళకీ పొరలే. ఫోటోలు చూపిస్తే ఏం లాభం? నేనెప్పుడెళ్ళినా చొక్కా పట్టుకుని, మౌవా వచ్చిందా, మౌవా వచ్చిందా అంటుంది. మన పుస్తకంలో ఆ పేరే లేదు. ఏం చెప్పను? రాలేదమ్మా అంటాను. సరే నాయనా అని వెళ్ళి మళ్ళీ రోడ్డుపక్కన కూర్చుంటుంది."

ఫైదా చేతిలోని చేపను వలమీద పెట్టింది. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టింది.

"సరే, మన పిల్ల ఏమన్నా చెప్పిందా?" అన్నాడు మాస్టారు, అలవాటుగా కలం తీస్తూ.

పడవ దగ్గర నిలబడి అడిగిన మనిషి, తెలిసీ చూళ్ళేదన్న మనుషులు, అందరూ కళ్ళముందు నిలిచారు. ఆ వరసలో ఇప్పుడు తనెక్కడుందో ఫైదాకు కనబడింది.

"దాని పేరు మౌవా" అంది. "అమ్మమ్మ పేరు అబ్వే. నాకు చెప్పి మూడు వారాలైంది మాస్టారూ. నేనే దాచాను."

మాస్టారు కలం రాయలేదు. ఆమెను చూసి, పిల్లను చూసి, ఇంకేమీ అడగకుండా ఫోను తీసి శిబిరంలోని మనిషికి చేశాడు. కాసేపటికి ముసలామె గొంతు వినిపించింది. ఎడమ మోకాలి వెనక నిప్పు కాలిన మచ్చ ఉందా అని అడిగింది. ఫైదా చూడక్కర్లేకుండానే మాస్టారువైపు తలూపింది.

పిల్ల రెండు చేతులతో ఫోను పట్టుకుని చెవికి ఆనించుకుంది. "అమ్మమ్మా, మేకేదీ?" అంది.

మామూలుగా కాగితాలకే రెండు రోజులు పడుతుంది. కానీ రేపో మాపో ఆ రోడ్డు మూసేస్తారని అందరూ చెప్పుకుంటున్నారు. శిబిరానికి మొక్కజొన్న పిండి బస్తాలు తీసుకెళ్ళే బండి మధ్యాహ్నం బయల్దేరుతోంది. మాస్టారు పరుగున వెళ్ళి సంతకాలు చేయించుకొచ్చాడు.

ఫైదా పిల్లకు తల దువ్వి, ఎండిన నెత్తళ్ళు గుడ్డలో మూటకట్టింది.

"నువ్వు రావా?" అంది పిల్ల.

"వస్తే చేపలెవరు తీస్తారే?"

ఆ జవాబు పిల్లకు సబబుగానే తోచినట్టుంది. బండెక్కి బస్తాల మధ్య కూర్చుంది. ఫైదా టైరు పక్కన నిలబడి మాస్టారుతో మెల్లగా అంది. "మళ్ళీ నాకు పిల్లల్నిస్తారా?"

"కమిటీకి చెప్పాలమ్మా. చెప్పకుండా ఉండలేను."

"చెప్పండి. చెప్పాల్సిందే."

బండి కదిలింది. పిల్ల చెయ్యి ఊపలేదు, ముందుకే చూస్తూ కూర్చుంది. రోడ్డు మలుపు తిరిగి, లేచిన దుమ్ము సర్దుకునేదాకా ఫైదా అక్కడే నిలబడింది.

సాయంత్రం కొండలమీద మబ్బు పట్టింది. విలోంజా వాళ్ళమ్మ తన వల చుట్టేసుకుని వచ్చి, ఫైదా వల రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చేపలు ఎత్తారు.

"పెద్ద వానే వచ్చేట్టుంది ఫైదా" అంది వెళ్తూ, నేలచూపులు చూస్తూ.

"ఆ, వస్తుంది."

ఇంటికి వచ్చి ఫైదా పొయ్యి ముట్టించలేదు. చీపురు తీసుకుంది. గది ఊడ్చి, మూలనున్న పిల్ల చాప చుట్టబోతే, తలవైపు ఏదో గట్టిగా చేతికి తగిలింది. అరటాకు పొట్లం. అందులో పొద్దుట తినమని పెట్టిన కర్రపెండలం పిండిముద్ద సగం ఉంది. మళ్ళీ ఎప్పుడైనా పరుగెత్తాల్సి వస్తే పనికొస్తుందని దాచుకుందేమో. ఫైదా చీపురు గోడకు ఆనించి, చాపమీద కూర్చుని, పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. ముద్ద అంచులు ఎండి పగుళ్ళు బారాయి. కొరికిన చోట మాత్రం ఇంకా మెత్తగా, చిన్న చిన్న పళ్ళ గాట్లు.