అరువు పిల్లలు

మూడో లైను బెల్టు ఎవరి కోసమూ ఆగదు. కార్లలో బిగించే వైర్ల కట్ట ముందుకొచ్చిందంటే, అది దాటిపోయేలోపు నల్లటేపు చుట్టేయాలి. ఆ రోజు పొద్దుటినుంచీ మంచినీళ్ళకు కూడా లేవనివ్వలేదు. చుట్టలక్క చేతులు టేపు మీదున్నా ప్రాణమంతా గోడ అవతలి పిల్లల గదిలో, కూతురి దగ్గరే ఉంది. రోజంతా చుట్టడమే పని కాబట్టి ఆమెకు ఆ పేరు పడింది. "పొగ రాని చుట్ట" అని పక్కన పనిచేసే వదిన ఏడిపించేది. ఇవాళ వదినకూ నవ్వు రావడం లేదు. ఆమె కొడుకూ ఆ గదిలోనే ఉన్నాడు.

ముందురోజు సూపర్‌వైజరు లైను లైనుకూ తిరిగి చెప్పాడు.

"కంపెనీలో డబ్బు పెట్టిన దొరలు రేపు వస్తున్నారు. చిన్నపిల్లలున్నవాళ్ళు తీసుకురండి. ఉతికిన బట్టలు వెయ్యండి. ముక్కులు తుడవండి."

కంపెనీకి సర్కారు నేల ఊరికే ఇచ్చింది, పన్ను మాఫీ చేసింది. బదులుగా కంపెనీ ఒప్పుకున్నవాటిలో, పనివాళ్ళ పిల్లల్ని చూసుకునే ఆ గది ఒకటి. గోడల నిండా ఏనుగుల బొమ్మలు, మెత్తటి పరుపులు, ఫ్యాన్లు. తలుపుకి మాత్రం ఎప్పుడూ తాళం. పైన పటారం, లోన లొటారం. గది తెరవమని చుట్టలక్క అడగని ఆఫీసరు లేడు. ఒక ఏడాది "ఆయా దొరకలేదు" అన్నారు. మరుసటేడు "ఖర్చు తగ్గించమని పైనుంచి చెప్పారు" అన్నారు. చేసేది లేక, చూపు ఆనని అత్త దగ్గర పిల్లను వదిలి వచ్చేది. ఆ వేసవిలో పిల్ల మరుగుతున్న నీళ్ళ గిన్నె మీదికి లాక్కుంది. ఎడమచెయ్యి మోచేతి దాకా ముడుచుకుపోయింది. "పాడు కళ్ళు, ఉంటేనేం పోతేనేం" అంటూ అత్త ఇప్పటికీ తలబాదుకుంటుంది.

కంపెనీ రాకముందు చుట్టలక్క ఇటుకలు మోసేది. పని దొరికిన పూట తిండి, లేని పూట నీళ్ళు. ఇప్పుడు నెల తిరిగేసరికి జీతం వస్తోంది, అది అబద్ధం కాదు. రోడ్డొచ్చింది, రోడ్డు పక్కన దీపాలొచ్చాయి. దీపాలు కంపెనీ గేటు దగ్గరే ఆగిపోయాయి. ఆరేళ్ళయినా ఆమె కాంట్రాక్టు మనిషే.

దొరలు వచ్చారు. ఫోటో కోసం తల్లుల్ని గదిలోకి పిలిచారు. ఊడ్చే ముసలమ్మ తెల్లకోటు వేసుకుని ఆయాలా నిలబడి ఉంది. పొడవాటి దొర ఒకాయన నేలమీద కూర్చుని, చుట్టలక్క కూతురి చేతి మచ్చను నిమిరి, తలెత్తి ఆమెను ఏదో అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే మేనేజరు వాళ్ళ భాషలో జవాబు చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తన బిడ్డ కాలిన చేతికి ఏం కథ అల్లాడో ఆమెకు తెలియలేదు.

కార్లు గేటు దాటాయో లేదో, సూపర్‌వైజరు బొమ్మలన్నీ అట్టపెట్టెల్లో సర్దించాడు. పిల్లల్ని ఇళ్ళకు పంపమని తల్లుల్ని మళ్ళీ పిలిచాడు. చుట్టలక్క వచ్చేసరికి కూతురు ఫ్యాను కింద, పరుపు మీద ఆదమరిచి నిద్రపోతోంది.

"లేపు తల్లీ, తాళం వెయ్యాలట" అంది ముసలమ్మ, కోటు విప్పుతూ.

"లేపను."

"లేపవా? లైను దగ్గర నీ చోటు ఖాళీగా ఉంది!" సూపర్‌వైజరు అరిచాడు.

"ఉండనీండి. దొరలకు చూపించడానికి నా బిడ్డ కావలసి వచ్చిందిగా. ఇప్పుడు నా బిడ్డకు ఈ గది కావాలి." ఆమె పరుపు పక్కన చతికిలబడింది.

"రేపట్నుంచి పనికి రానక్కర్లేదు. నీలాంటోళ్ళు గేటు బయట వందమంది."

"తెలుసు. ఆ వందమందికీ పిల్లలుంటారు సార్."

కొడుకును చంకనెత్తుకుని గుమ్మం దాకా వెళ్ళిన వదిన ఆగింది. వెనక్కి వచ్చి, కొడుకును పక్క పరుపు మీద దింపి, తనూ కూర్చుంది.

సూపర్‌వైజరు మేనేజరుకు ఫోను చేస్తుండగా గోడ అవతల బెల్టు హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో లోపలివాళ్ళకు తెలియదు. అంత హోరులోనూ కదలని పిల్ల ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

"పడుకో అమ్మా, పడుకో" అంటూ చుట్టలక్క జోకొట్టసాగింది.