తేలినవి మాత్రమే

బీన్స్‌కి ఈనెలు తీస్తూ చేపలు లెక్కపెట్టడం నాకు అలవాటే. ఒక కన్ను లాప్‌టాప్ మీద, ఒక కన్ను స్టవ్ మీద. ఉద్యోగం మా ఆయనది, పని నాది. సముద్రంలో మూతపడ్డ చమురు ప్లాట్‌ఫాం కాళ్ల చుట్టూ కెమెరా తిప్పి తీసిన వీడియోల్లో ఎన్ని చేపలున్నాయో చూసి రాయాలి. సముద్రజీవుల మీద ఎమ్మెస్సీ చేశాను కాబట్టి నా చదువుని ఇంట్లో బాగానే వాడుకున్నారు, జీతం మినహా. "మా కోడలు పగలంతా చేపల సినిమా చూస్తుందమ్మా" అని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

పోయిన నెల వీడియోలో పదకొండు వేల ఆరువందల నలభై. ముప్పై ఏళ్ల ఇనుప కాళ్లకి పగడాలు పట్టి, అదొక కాలనీ అయిపోయింది. నాలుగో కాలి దగ్గర ఒక ముసలి బొంతచేప. కదలదు, మెదలదు, ఎవరొచ్చినా నోరు తెరుస్తుంది. మావయ్యగారని పేరు పెట్టుకున్నాను. ఇంట్లో చెప్పలేదు.

"ప్లాట్‌ఫాం తీసేసేటప్పుడు పైభాగం కోసేసి కాళ్లు నీళ్లలోనే వదిలేస్తారులే" అన్నారు ఆయన. నమ్మాను.

ఇవాళ కొత్త వీడియో ఇచ్చి, "తేలినవి లెక్కపెట్టు చాలు" అని స్నానానికి వెళ్లారు.

తేలినవేమిటి? తెరిచాను. నీళ్ల మీద తెల్లగా ఏదో. నురగ అనుకున్నాను. నురగకి మొప్పలుంటాయా? అన్నీ పొట్టలు పైకి పెట్టి పడున్నాయి. తెర అంచున మావయ్యగారు, వెల్లకిలా. నోరు తెరిచే ఉంది. చేతిలో బీన్స్ కాయ పక్కన పెట్టాను. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ తొమ్మిది వందల పన్నెండే.

బాత్రూం తలుపు దగ్గరికి వెళ్లాను. "కాళ్లకి మందుపెట్టి పేల్చేశారా?"

"అదే తొందరగా అయ్యే పని. కూర మాడుతున్నట్టుంది, చూడు."

"తొమ్మిది వందలే తేలాయి. మిగతావేవండీ?"

"మునిగుంటాయి. కనపడనివి ఎవరు లెక్కపెడతారే? వచ్చేవారం రెండో ప్లాట్‌ఫాం కూడా ఉంది, పేచీలు పెట్టకు."

స్టవ్ ఆపి ఫారం తెరిచాను. తేలినవి 912. పోయిన నెల చూసినవి 11,640. మిగతావి ఏమయ్యాయో ఎవరూ దిగి చూడలేదు. 'లెక్కపెట్టినవారు' అన్న గడిలో ఇన్నేళ్లూ ఆయన పేరే కొట్టేదాన్ని. ఈసారి నా పేరు కొట్టి, రెండోదాన్ని పేల్చడానికి అనుమతి ఇవ్వాల్సిన ఆఫీసుకి నేరుగా పంపేశాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు. "అయిందా?"

"అయిందండీ" అన్నాను. "వెళ్లిపోయింది కూడా."