సన్మానం అయినంక

మా తమ్ముడు చందు ఆర్మీలో లారీ నడుపుతాడు. ఊళ్ళో వాడికి చేసే సన్మానం కోసం కట్టిన ఫ్లెక్సీలో మాత్రం హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగుతున్నాడు. వెనక రెండు యుద్ధ విమానాలు, ఎందుకో ఒక పులి. పైన వరసగా ఊరి పెద్దల తలకాయలు. అన్నిటికంటే పెద్ద తలకాయ శ్యాంసుందర్ రావుగారిది. ఒకప్పుడు ఊరంతా వాళ్ళ కుటుంబానిదే. ఇప్పుడు ఆయన చేతిలో సన్మాన కమిటీ అధ్యక్ష పదవి మిగిలింది. దాన్ని ఊరంత శ్రద్ధగానూ ఏలుతున్నాడు.

చందు సెలవు మీద వచ్చాడని తెలిసి, నేను పాఠాలు చెప్పే కోరుట్ల కాలేజీకి సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. ఉడికించిన పసుపు కల్లంలో ఆరబోసి ఉంది. వాడు పక్కనే కూర్చుని ఒకే కొమ్మును అటూ ఇటూ తిప్పుతున్నాడు. పలకరిస్తే తల ఎత్తకుండానే అన్నాడు.

"అక్కా, పొద్దుగాల మెలకువ అచ్చుడే భయమైతుంది. రాకుంటె మంచిగుండు అనిపిస్తది."

నేను వాడి పక్కన కూర్చున్నాను. సూటిగా అడిగాను.

"సచ్చిపోవాలె అనిపిస్తుందా, చందూ?"

"అనిపిస్తది."

అన్నాక వాడి భుజాలు కాస్త కిందికి దిగాయి. అప్పుడు మిగతాది చెప్పాడు. బ్యారక్‌లో పక్క మంచం మీద పడుకునే సుఖ్‌రామ్ అనే స్నేహితుడు చలికాలంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. మర్నాడు ఒక పెద్ద ఆఫీసరు వచ్చి అందరినీ ఎండలో నిలబెట్టి మానసిక ఒత్తిడి గురించి ఉపన్యాసం ఇచ్చాడు. చివర్లో, మనసు బాగాలేని వాళ్ళు ఒక అడుగు ముందుకు రండి అన్నాడు. అంతమందిలో ఒక్కడూ కదల్లేదు. అందరి మనసులూ భేషుగ్గా ఉన్నాయని తేల్చి, తలా ఒక సమోసా ఇచ్చి పంపారు.

"నువ్వన్న ముందట వడకపోతివి?"

"వడితె పాగల్‌గాడని పేరు పెడ్తరక్కా. ప్రమోషన్ పోతది. బాపు ఊర్ల తలెత్తుకోడు."

సెలవు అయిపోగానే వాడు మళ్ళీ ఆ గదికే, ఆ ఖాళీ మంచం పక్కకే పోవాలి. ఈలోగా జగిత్యాలలో మానసిక వైద్యుడికి చూపిద్దాం అన్నాను. మా నాన్న, అదే బాపు, ఒప్పుకుంటే వస్తానన్నాడు. వాడు అంత పెద్దవాడయ్యాడు, తుపాకీ పట్టాడు, బాపు మాట దాటడం మాత్రం ఇంకా రాలేదు. ఆ రోజు నుంచి నేను కోరుట్ల వెళ్ళలేదు, వాణ్ణి ఒంటరిగా వదల్లేదు.

బాపు పేరు విఠల్. సగం జీవితం మస్కట్‌లో ఇటుకలు మోశాడు. చందు సంగతి చెప్పి ఆయన దగ్గర డాక్టరు మాట ఎత్తాను.

"గంత ఎండల పనిచేసిన. నాకు ఏ మనసు అడ్డం రాలే," అన్నాడు. "మిలిటరోనికి మనసేందే?"

అవ్వ, అంటే మా అమ్మ లింగవ్వ, మెల్లగా, "కొండగట్టుకన్న తీస్కపోదాం," అంది. మా వైపు మతి చెదిరిన వాళ్ళను కొండగట్టు గుట్ట మీద అంజన్న గుడిలో నిద్ర చేయించడం ఉంది. అందుకే బాపు ఉలిక్కిపడ్డాడు.

"గుట్ట మీద ఎవలన్న సూస్తె జవానుకు పిచ్చి లేసిందంటరు. సన్మానం అయినంక సూద్దాం."

సరిగ్గా అప్పుడే శ్యాంసుందర్ రావుగారు శాలువ రంగు ఎంచడానికి వచ్చాడు. బాపు కుర్చీ తుడిచి వేశాడు. ఆయనైనా వాయిదా వేస్తాడేమోనని నేను ఉన్నదంతా చెప్పేశాను.

"డిప్రెషనా? అది సాఫ్ట్‌వేరోళ్ళకు అస్తది బిడ్డా. మిలిటరోళ్ళకు క్రమశిక్షణ ఉంటది గద," అన్నాడాయన. కాసేపు ఆలోచించి, "అయినా ఫ్లెక్సీలు కట్టినంక చెప్తె ఎట్ల? ముందుగాల చెప్పాలె," అన్నాడు. తర్వాత ఆయన గొంతులో నిజంగానే బాధ పలికింది. "పక్కూరి చౌరస్తల అమర జవాను విగ్రహం ఉన్నది. ఏడాదికోసారి పెద్ద పెద్దోళ్ళచ్చి దండలేస్తరు. మనకేమున్నది? మనిషున్నడు, అంతే."

ఆయన చెడ్డవాడు కాదు. బతికున్న మనిషి విగ్రహం కన్నా ఒక మెట్టు తక్కువని మనస్ఫూర్తిగా నమ్మాడు, అంతే. గుమ్మంలో నిలబడ్డ చందు ఆ మాట విని నవ్వాడు. ఆ రాత్రి నా మంచం వాడి మంచం పక్కనే వేసుకున్నాను.

సన్మానం రోజు ఓపెన్ టాప్ జీపుకు బంతిపూల దండలు కట్టారు. పంచాయతీ ఆఫీసు ముందు స్టేజీ, దాని పక్కన ఇల్లంత డీజే. ఊరేగింపుకు ముందు ఉపన్యాసాలు. స్టేజీ ఎక్కేలోపల చందును అందరూ పలకరించారు. ఎంతమందిని కాల్చావని ఒకరు, క్యాంటీన్ బాటిళ్ళు తెచ్చావా అని పదిమంది. బాగున్నావా అని కూడా అడిగారు గానీ జవాబు కోసం ఎవరూ ఆగలేదు.

శ్యాంసుందర్ రావుగారు మైకు అందుకుని అరగంట దేశాన్ని కాపాడాడు. చివరికి చందు భుజం మీద చెయ్యి వేశాడు.

"మన చందు దేశం కోసం ప్రాణమన్న ఇస్తడు! ఇస్తవా లేదా? నువ్వే చెప్పు చందూ!"

మైకు వాడి నోటి ముందు పెట్టారు. చందు జనం వంక చూశాడు.

"ఇస్త సార్. దేశం అడుగకున్నా ఇచ్చేటట్టున్న. రోజు గదే అనిపిస్తుంది."

చప్పట్లు మోగిపోయాయి. ఈలలు. డీజే అతను అదను చూసి పాట ఎత్తుకున్నాడు. రావుగారు కళ్ళు ఒత్తుకున్నాడు. ముందు వరసలో బాపు అరచేతులు ఎర్రబడేలా కొడుతున్నాడు.

లేచింది అవ్వ. నలుగురిలో గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి. కొంగు బిగించి స్టేజీ ఎక్కి, మైకు గుంజుకుంది.

"నా కొడుకు సచ్చిపోత అంటుండు! సప్పట్లు కొడ్తరేందిరా మీరు?"

డీజే ఆగిపోయింది. అవ్వ వాడి చెయ్యి పట్టుకుని కిందికి దింపి జీపు ఎక్కించింది. నేనూ ఎక్కాను.

"జగిత్యాల దవాఖానకు పోనియ్యి కొడుకా," అంది డ్రైవర్‌తో.

"లింగవ్వా, ఇంక శాలువ కప్పలే!" రావుగారు శాలువ పట్టుకుని వెంట వచ్చాడు.

"మీరే కప్పుకోండ్రి దొరా."

దారి పొడవునా జనం పూల జీపును చూసి చేతులు ఊపారు. ఒకచోట స్కూలు పిల్లలు సెల్యూట్ కొట్టారు. చందు ఏడుస్తున్నాడు. అవ్వ వాడి తల తన ఒడిలోకి లాక్కుని, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా నిమురుతోంది.

ఆస్పత్రి వరండాలో ఒక పెద్దాయన వాడి యూనిఫాం చూసి గౌరవంగా లేచి చోటిచ్చాడు.

"ఎవలినన్న సూడ అచ్చిండ్రా సార్?"

"లేదు పెద్దబాపు. నన్నే సూపెట్టుకుందామని అచ్చిన," అన్నాడు చందు.

కాసేపటికి బాపు బండి మీద వచ్చాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. అవ్వ పక్కన కూర్చోవడానికి ధైర్యం చాలక, చందు ముందు నేల మీద చతికిలబడ్డాడు. కండువాతో ముఖం తుడుచుకుంటూ అడిగాడు.

"ఇంత బాధున్నప్పుడు నీ నోట నాకొక్క మాటన్న చెప్పకపోతివి కొడుకా?"

"చెప్పిన బాపు," అన్నాడు చందు. "సప్పట్లు కొట్టినవ్."