సర్దుబాటక్క సారీ

మా ఆయన దర్జీ. ఇరవై ఆరేళ్లుగా ఒకటే షాపు, ఒకటే మిషను. పక్కన స్టూలేసుకుని నేను కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను. ఇన్నేళ్లలో మమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. సర్దుబాటక్క చూపింది.

సర్దుబాటక్క అంటే ఫోన్లో ఇల్లు సర్దుకోవడం నేర్పే అమ్మాయి. అసలు పేరు ఎవరికీ పట్టదు. మేజోళ్లు ఎలా మడవాలో ఆవిడ చెబుతుంటే ఇరవై లక్షల మంది నోరు తెరుచుకుని చూస్తారు. అబద్ధమెందుకు, నేనూ చూసేదాన్ని. అందుకే హాలు కర్టెన్లు కుట్టాలని ఆకుపచ్చ గుడ్డ పట్టుకుని మా షాపుకొస్తే తెగ సంబరపడిపోయాను. మా ఆయన ఇచ్చిన గుడ్డంతా కుట్టి, మిగిలిన పేలికలు కూడా మూటకట్టి ఇచ్చాడు.

రెండో రోజుకల్లా వీడియో వచ్చింది. ‘మీ దర్జీ మీ గుడ్డ మింగేస్తున్నాడా?’ అని పేరు. రెండు మీటర్లు తక్కువొచ్చిందట. మా బోర్డు చూపించింది, మా ఆయన మొహం చూపించింది, దారంతో కట్టుకున్న కళ్లజోడు దగ్గరగా చూపించి నవ్వింది కూడా.

ఇక చూడాలి మా బతుకు. పదేళ్ల నుంచి కుట్టించుకుంటున్న ఒకాయన మా ముందే సొంత టేపు తీసి చొక్కా కొలుచుకున్నాడు. కత్తిరించిన ప్యాంట్లు కత్తిరించినట్టే వెనక్కి పట్టుకుపోయారు. కూరల షాపుకెళితే, "ఉల్లిపాయలు కిలోల్లో ఇవ్వనా, మీటర్లలో ఇవ్వనా?" అంది ఆ మహాతల్లి. నలుగురూ పకపకా నవ్వారు. ఉల్లిపాయలు అక్కడే వదిలేసి వచ్చాను. మా ఆయన మాత్రం ఖాళీ మిషను ముందు కూర్చుని పాత పేలికల మీద అవే కుట్లు వేస్తూ, విప్పుతూ ఉండేవాడు.

అయిదో రోజు సర్దుబాటక్క తన అలమర సర్దుతూ ఇంకో వీడియో పెట్టింది. ఆవిడ గడగడా మాట్లాడుతోంది. వెనకాల పై అరలో, తక్కువొచ్చిందన్న ఆ ఆకుపచ్చ గుడ్డ, నీటుగా నాలుగు మడతలేసుకుని కూర్చునుంది. చూసేవాళ్ల కళ్లు ఊరుకుంటాయా? గంటలో ఊరంతా గోల.

మర్నాడు క్షమాపణ వచ్చింది. పక్క షాపులో వాచీలు బాగుచేసే ఆయన ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురం తలలు ఆనించుకుని చూశాం.

తెల్లగోడ ముందు నేల మీద కూర్చుంది. బొట్టూ కాటుకా లేవు. నలిగిన చొక్కా. పెద్ద నిట్టూర్పు. "నన్ను నేను తెలుసుకునే ప్రయాణంలో ఒక పొరపాటు జరిగింది. దానివల్ల ఎవరైనా బాధపడి ఉంటే..." అని కళ్లు తుడుచుకుంది.

"జరిగిందట! దానంతటదే నడుచుకుంటూ వచ్చి జరిగిపోయినట్టు," అన్నాను. "ఆ ఎవరైనా ఎవరండీ? మనమే కదా."

మా ఆయన కళ్లజోడు సవరించుకుని ఫోను మీదకి వంగాడు. "అది నలిగిన చొక్కా కాదే. నలిపిన చొక్కా. పెట్టెలోంచి తీసిన మడత గీతలు ఇంకా పోలేదు చూడు. రెండో గుండీ ముందు పెట్టుంది, ఇప్పుడు ఊడింది, మళ్లీ పెట్టుంది. వీడియో మూడు నాలుగుసార్లు తీసుంటారు."

మొత్తం తొమ్మిది నిమిషాలు. అందులో దర్జీ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. వాళ్లమ్మ పెంపకం వచ్చింది, నిద్ర పట్టకపోవడం వచ్చింది, తన కుక్కపిల్ల కూడా దిగులుపడిందని వచ్చింది. కింద జనం రాతలు చూడాలి: ‘ఎంత ధైర్యం అక్కా!’ ‘తప్పు ఒప్పుకోవాలంటే దమ్ముండాలి!’

అక్కడితో ఆగినా బావుండేది. రెండు రోజుల తర్వాత ఇద్దరు కాలేజీ పిల్లలు షాపుకొచ్చారు.

"అంకుల్, అక్క అంత ఏడిస్తే మీరు ఒక్క మాటైనా అనరా?"

"నాతో ఎవరూ ఏమీ చెప్పలేదమ్మా," అన్నాడు మా ఆయన.

ఆ ముక్క ఫోన్లో పట్టుకుపోయి జనం మీదకి వదిలారు. సాయంత్రానికి మా ఆయన రాతిగుండె దర్జీ అయిపోయాడు. ముందు దొంగ అన్నవాళ్లే ఇప్పుడు కక్షగొట్టు అన్నారు. వాచీలాయన మెల్లగా, "పోనీ నువ్వే ఓ సారీ వీడియో పెట్టెయ్యరాదూ?" అన్నాడు.

"దేనికి?"

"ఆవిడ సారీ తీసుకోనందుకు."

మా ఆయన నవ్వాడు. నవ్వి పది రోజులైంది పాపం.

ఆ మర్నాడు సర్దుబాటక్క మేనేజరు దిగాడు. ఇద్దరూ కలిసి కూర్చుని నవ్వుకునే వీడియో తీద్దామన్నాడు. మా ఆయన అనాల్సిన మాటలు అచ్చేసి తెచ్చాడు కూడా. ‘నువ్వు నా చెల్లెలి లాంటిదానివి’ దగ్గర గొంతు కొంచెం వణకాలట.

మా ఆయన ఆ కాగితం మడిచి మళ్లీ అతని చేతిలోనే పెట్టాడు. "ఆ అమ్మాయినే రమ్మనండి బాబూ. ఫోన్లు మీ దగ్గరే ఉంచుకోండి."

వస్తుందనుకోలేదు. బుధవారం మధ్యాహ్నం వచ్చింది. మేనేజరు కార్లోనే ఉండిపోయాడు. మా షాపు ట్యూబులైటు కింద ఆవిడ మామూలు పిల్లలా ఉంది, గడ్డం మీద మొటిమ కూడా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కౌంటరు మీద ఉన్న సుద్దముక్క తీసుకుంది.

"హలో హలో..." అని వీడియోల్లో మొదలుపెట్టినట్టే నోరుజారి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసుకుంది. నేనూ మా ఆయనా తప్ప ఎవరూ లేం. "అంటే... ఎవరైనా బాధపడి ఉంటే..."

"ఎవరైనా కాదమ్మా. నేను," అన్నాడు మా ఆయన.

ఆవిడ సుద్దముక్కని గోటితో గీకసాగింది. మళ్లీ మా ఆయనే, "గుడ్డ ఎప్పుడు కనబడింది?" అని అడిగాడు.

"ఆ మొదటి వీడియో పెట్టిన సాయంత్రమే," అంది.

నా చేతిలో సూది ఆగిపోయింది. అంటే మేం మాటలు పడ్డ అన్ని రోజులూ ఆవిడకి తెలుసు!

"మరెందుకు చెప్పలేదమ్మా?"

"ఆ వీడియో బాగా పోతోందండీ. అంతమంది ఎప్పుడూ చూడలేదు. తియ్యబుద్ధి కాలేదు." ఏడవలేదు. సుద్దముక్క మాత్రం చేతిలో పొడైపోయింది. "తప్పు నాదేనండీ. సారీ."

మా ఆయన తలూపాడు. "సరేనమ్మా. చాలు."

నాకు చాల్లేదు. "ఈ మాట వీడియోలో చెబుతావా?" అన్నాను.

నేలచూపులు చూసింది. "చెబితే నా పని అయిపోతుందండీ," అని వెళ్లిపోయింది.

చెప్పలేదు కూడా. దర్జీ గారిని కలిశాను, ఇక వాళ్లనెవరూ ఏమీ అనొద్దని రెండు ముక్కలు రాసి ఊరుకుంది. దానికీ ‘నీది బంగారంలాంటి మనసక్కా’ అన్నారు జనం. మెల్లమెల్లగా ప్యాంట్లు తిరిగొచ్చాయి. టేపు తెచ్చుకున్నాయన కూడా తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు చేతులు చాచి కొలతలకి నిలబడ్డాడు.

"ఊరికి అబద్ధం, మీకు నిజం. ఇదేం సారీ అండీ?" అన్నాను ఓ రోజు ఉండబట్టలేక.

"మొదటిసారి ఊరందరికీ చెప్పి నన్ను వదిలేసింది. ఈసారి నాదాకా వచ్చింది," అన్నాడు మా ఆయన బాబిన్‌కి దారం చుట్టుకుంటూ. "సరిగ్గా చెప్పలేకపోయింది చూడు, అందుకే నమ్మాను."

ఆయన ఓపిక ఆయనది. కూరల షాపులో నవ్వులపాలైంది నేను. ఉల్లిపాయల కోసం ఇప్పటికీ రెండు వీధులవతలికి నడుస్తున్నాను. నేనైతే క్షమించలేదు. నన్నెవరూ అడగనూ లేదు.